ఊపిరి వదిలినప్పుడు దొరికిన జబ్బు

మొన్న వేసవిలో మా పెద్దమ్మ స్కాన్ రిపోర్టు వాట్సాప్‌లో వచ్చింది. అన్నయ్య పంపాడు, పెద్దమ్మ కొడుకు. కింద ఒక్కటే లైను: "గూగుల్‌లో చూస్తే మూడు నుంచి ఐదేళ్లే అంటోందిరా. నిజమేనా?"

రిపోర్టు చివర్లో ఉన్నది ఇంతే: ఐఎల్‌డీ, లంగ్ ఫైబ్రోసిస్. ఐఎల్‌డీ అంటే ఇంటర్‌స్టిషియల్ లంగ్ డిసీజ్. ఏ రకమో రాయలేదు. ఆర్సీ బుక్కులో మోడలూ నంబరూ లేకుండా 'బండి' అని రాసి ఊరుకుంటే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది. ఎందుకంటే ఐఎల్‌డీ ఒక జబ్బు కాదు. ఆ పేరు కింద 200కి పైగా జబ్బులున్నాయి. కొన్ని మందులకి తగ్గిపోతాయి, కొన్ని ఎక్కడివక్కడ ఆగిపోతాయి, కొన్ని ఏం చేసినా ముందుకే వెళ్తాయి. అన్నయ్య గూగుల్‌లో చదివిన మూడు నుంచి ఐదేళ్ల లెక్క ఆ చివరి రకాల్లో ఒకదానిది. అదీ సరైన మందులు రాకముందు వేసిన సగటు.

ఆ ఒకదాని పేరు ఐపీఎఫ్, ఇడియోపతిక్ పల్మనరీ ఫైబ్రోసిస్. కారణం తెలియకుండానే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడిపోవడం. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? 2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్ 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కుటుంబం చెప్పిన కారణం ఇదే. ఆ వారం మన ఫోన్లన్నింట్లోనూ ఈ జబ్బు పేరు తిరిగింది. అన్నయ్యకీ అదే గుర్తొచ్చింది, అందుకే అంత కంగారు.

మరి పెద్దమ్మది అదేనా?

గోడకొచ్చే జబ్బు

మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. ప్రతి గదికీ పక్కనే సన్నటి రక్తనాళం. రెంటికీ మధ్య కంటికి కనిపించనంత పల్చటి గోడ. ఆక్సిజన్ ఆ గోడ దాటే రక్తంలోకి వెళ్లాలి. న్యుమోనియా వస్తే గదిలోకి చీము, నీరు చేరతాయి. ఆస్తమాలో గదికి వెళ్లే దారి ఇరుకవుతుంది. ఐఎల్‌డీలో మాత్రం గోడే మందమవుతుంది. మొదట వాచి, తర్వాత మచ్చకడుతుంది. వాపైతే తగ్గించొచ్చు. మచ్చ పోదు, మోకాలి మీద చిన్నప్పటి మచ్చ పోనట్టే.

బయటికి కనిపించేవి రెండే: వదలని పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. చాలా రకాల్లో, ముఖ్యంగా ఐపీఎఫ్‌లో, డాక్టరు వీపు మీద స్టెత్ పెడితే చెప్పుకున్న వెల్‌క్రో పట్టీని మెల్లగా లాగినట్టు చిటచిటమనే శబ్దం వినిపిస్తుంది. దగ్గు, ఆయాసం అంటే మన దగ్గర ముందు ఆస్తమా అనుకుంటారు, లేదంటే టీబీ అనుకుంటారు. మా పెద్దమ్మకి ఓ క్లినిక్‌లో కళ్లె పరీక్షలో ఏమీ దొరక్కపోయినా మూడు నెలలు టీబీ మందులు వాడించారు. అప్పటికే దగ్గు మొదలై ఏడాది దాటింది. ఎక్స్‌రే తీశారు గానీ, ఎక్స్‌రేలో ఈ జబ్బు మొదట్లో దొరక్కుండా తప్పించుకోగలదు.

రకం తెలియకుండా మందేస్తే

'అన్నీ ఊపిరితిత్తుల మచ్చలే కదా, ఏ రకమైతే ఏంటి?' అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. దీనికి జవాబు 2012లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో ఉంది. దాని పేరు పాంథర్. అప్పటిదాకా ఐపీఎఫ్‌కి స్టెరాయిడ్, అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్.. ఈ మూడూ కలిపి ఇచ్చే అలవాటుండేది. నిజంగా పనిచేస్తాయా అని పరీక్షిద్దామని కొందరికి ఈ మందులు, ఇంకొందరికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మందులు తీసుకున్నవాళ్లలో 8 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్రలవాళ్లలో ఒక్కరు. ఆస్పత్రిలో చేరాల్సి రావడమూ మందుల వర్గంలోనే ఎక్కువ. ఆ మూడు మందుల పరీక్షని మధ్యలోనే ఆపేశారు.

అదే స్టెరాయిడ్ ఐఎల్‌డీలోనే ఇంకొన్ని రకాలకి బాగా పనిచేస్తుంది. కొన్నింట్లో రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అంటే పక్కపక్క మంచాల మీద ఇద్దరు పేషెంట్లు, ఇద్దరికీ రిపోర్టులో 'ఐఎల్‌డీ' అనే ఉంది. ఒకరికి ప్రాణం నిలబెట్టే మందు ఇంకొకరికి ప్రాణం తీయొచ్చు. ఐపీఎఫ్‌కి వేరే మందులున్నాయి. 2014లో అమెరికాలో అనుమతి పొందిన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ మచ్చ పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. ఉన్న మచ్చని మాత్రం చెరపలేవు.

ఇంతకీ ఏ రకమో కనిపెట్టడం ఎలా? ఒకప్పుడు ఛాతీకి కోతపెట్టి ముక్క తీసి చూడటం ఒక్కటే గట్టి దారి. ఇప్పుడు చాలామందికి ఆ అవసరం రావట్లేదు. ఆ పని సీటీ స్కాన్ చేస్తోంది. అయితే మామూలు సీటీ సరిపోదు, హెచ్‌ఆర్‌సీటీ కావాలి. ఇందులో ఊపిరితిత్తిని ఒకటిన్నర మిల్లీమీటరు మందం దాటకుండా పల్చటి ముక్కలుగా చూపిస్తారు. బ్రెడ్ ప్యాకెట్‌లో స్లైసుల్లాగా అనుకోండి, అంతకంటే చాలా పల్చగా. ఇంజక్షన్ ఇచ్చి తీసే కాంట్రాస్ట్ దీనికి మామూలుగా అక్కర్లేదు.

బొమ్మలో ఏం చూస్తారు?

నా ఇంటర్ క్లాస్‌మేట్ ఒకడు రేడియాలజిస్ట్. పెద్దమ్మ రిపోర్టు వాడికి ఫార్వర్డ్ చేశా. ఫిల్మ్‌ని ట్యూబ్‌లైటుకి అడ్డంపెట్టి తీసిన ఫొటో కూడా పంపా. వెంటనే ఫోన్ చేసి తిట్టాడు. "ఒరేయ్, ఇది చూసి నేనేం చెప్పను? సీడీ తీసుకురా. ఒక్కో బొమ్మ పైనుంచి కిందికి తిప్పుకుంటూ చూడాలి." మీ ఇంట్లోనూ ఇలాంటి పరిస్థితి వస్తే ఫిల్మ్ ఫొటోలు పంపకండి. స్కాన్ సెంటర్లో సీడీగానీ, ఒరిజినల్ ఫైళ్ల లింకుగానీ అడిగి తీసుకోండి.

సీడీ తీసుకెళ్లాక వాడు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాడు. మొదట ఒక తిరకాసు: స్క్రీన్ మీద ఎడమవైపు కనిపించేది పేషెంట్ కుడి ఊపిరితిత్తి. మనం వాళ్ల పాదాల దగ్గర నిలబడి తలవైపు చూస్తున్నట్టు అన్నమాట. గాలి నల్లగా, ఎముక తెల్లగా కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి నల్లటి ఆకాశం మీద సన్నటి తెల్ల కొమ్మల్లా ఉంటుంది.

ఆ నలుపు మీద వచ్చే తేడాల్లో ఒకటి మీకు ముందే తెలుసు. 2020, 21ల్లో 'సీటీ స్కోరు 25కి ఎంతొచ్చింది?' అని పరీక్ష మార్కులు అడిగినట్టు అడుక్కునేవాళ్లం. అప్పుడు రిపోర్టుల్లో ఉండేదే, గ్రౌండ్ గ్లాస్. బాత్రూం కిటికీకి వేసే మసక గాజు లాంటిది. వెనకున్న రక్తనాళాలు కనిపిస్తూనే ఉంటాయి గానీ మధ్యలో పొగమంచు పట్టినట్టుంటుంది. ఆ పొగ చిక్కబడి నాళాలు కూడా కనిపించనంత తెల్లగా అయితే దాన్ని కన్సాలిడేషన్ అంటారు. గ్రౌండ్ గ్లాస్ అంటే కోవిడే అని చాలామంది మనసులో ముద్రపడిపోయింది. కానే కాదు. గోడ వాచినా, గదిలో నీరు చేరినా, రక్తం చేరినా అదే మసక కనిపిస్తుంది.

మచ్చ మొదలైతే వలలాంటి సన్నగీతలు వస్తాయి. మచ్చ బిగుసుకుంటూ పక్కనున్న గాలి గొట్టాల్ని తనవైపు లాగుతుంది. దాంతో అవి వంకర్లు తిరిగి వెడల్పవుతాయి. డాక్టర్ల భాషలో ట్రాక్షన్ బ్రాంకియెక్టాసిస్. ఇంకా ముదిరితే తేనెపట్టు: గట్టి గోడలున్న చిన్న చిన్న నల్లటి గదులు, ఎక్కువగా 3 నుంచి 10 మిల్లీమీటర్ల సైజులో, ఊపిరితిత్తి అంచున వరసల మీద వరసలుగా పేర్చినట్టు. ఈ తేనెపట్టుని గుర్తుపట్టడంలో పెద్ద పెద్ద నిపుణుల మధ్యే తేడాలొస్తాయట. పొగతాగేవాళ్లకొచ్చే ఎంఫసిమాలోనూ అంచున నల్లటి గుంతలుంటాయి, కాకపోతే అవి మామూలుగా ఒకే వరసలో, పల్చటి గోడలతో ఉంటాయి.

ఏం కనిపించింది అన్నది సగమే. ఎక్కడ కనిపించింది అన్నదే అసలు సంగతి.

తేనెపట్టు, లాగేసిన గొట్టాలు.. ఇవి ఊపిరితిత్తి అడుగుభాగంలో, పక్కటెముకలకి ఆనుకుని ఎక్కువగా ఉండి, గ్రౌండ్ గ్లాస్ పెద్దగా లేకపోతే దాన్ని యూఐపీ ప్యాటర్న్ అంటారు. ఐపీఎఫ్ ముఖం ఇదే. వయసు 60 దాటి, వేరే ఏ కారణమూ కనిపించని మనిషికి ఈ బొమ్మ ఉంటే ముక్క తీయకుండానే ఐపీఎఫ్ అని నిర్ధారించొచ్చు. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సీటీ బొమ్మని నాలుగు పెట్టెల్లో వేయమంటాయి: యూఐపీ, బహుశా యూఐపీ, చెప్పలేం, ఇది వేరే జబ్బు. 'చెప్పలేం' అనే పెట్టె కూడా ఉండటం నాకు నచ్చింది. వైద్యంలో ఆ మాట ధైర్యంగా చెప్పేవాళ్లు తక్కువ.

అదే అడుగుభాగంలో, రెండువైపులా సమానంగా మసక ఎక్కువగా ఉండి, అంచున మాత్రం సన్నటి నల్ల పట్టీ వదిలేసినట్టు శుభ్రంగా ఉంటే ఎన్‌ఎస్‌ఐపీ అని అనుమానిస్తారు. ఇది కనిపిస్తే డాక్టరు ఊపిరితిత్తులు వదిలేసి చేతివేళ్లు చూస్తాడు. చలికి వేళ్లు తెల్లబడుతున్నాయా, చర్మం బిగుసుకుందా, కీళ్లు వాచాయా, నోరు ఎండిపోతోందా అని అడుగుతాడు. ఎందుకంటే స్క్లెరోడెర్మా, మయోసైటిస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు ఊపిరితిత్తిలో తరచూ ఇలా బయటపడతాయి. అదే సీటీలో అన్నవాహిక ఉబ్బినట్టు కనిపిస్తే స్క్లెరోడెర్మా అనుమానం ఇంకా బలపడుతుంది. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లలో మాత్రం యూఐపీ ప్యాటర్నే ఎక్కువ. మందులవల్ల కూడా ఐఎల్‌డీ రావొచ్చు. గుండె లయకి వాడే అమియోడరోన్, మూత్రంలో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ రాకుండా నెలల తరబడి వాడే నైట్రోఫ్యురంటాయిన్ ఆ జాబితాలో ఉన్నాయి.

పైభాగంలో ఎక్కువగా ఉంటే కథ వేరు. గింజల్లాంటి చుక్కలు రక్తనాళాల వెంట, ఊపిరితిత్తి మడతల వెంట పూసలు గుచ్చినట్టు ఉండి, మధ్యలో రెండువైపులా లింఫు గ్రంథులు ఉబ్బితే సార్కాయిడోసిస్ అనుమానం. మన దేశంలో దీన్ని టీబీ నుంచి విడదీయడం పెద్ద తలనొప్పి. రాళ్లు కోసేచోట, క్రషర్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకొచ్చే సిలికోసిస్ కూడా పైభాగంలోనే చుక్కలు పెడుతుంది. గ్రంథుల చుట్టూ కోడిగుడ్డు పెంకులా సున్నం పేరుకుంటే ఆ అనుమానం గట్టిపడుతుంది. 'ఏం పని చేసేవారు?' అనే ఒక్క ప్రశ్న అడగకపోతే ఇదీ టీబీ ఖాతాలోకే పోతుంది.

ఇవి పెద్దవాళ్ల జబ్బులే అనుకోకండి. ఇరవై, ముప్పై ఏళ్ల వయసులో సిగరెట్ తాగేవాళ్లకి పైభాగంలో వింత ఆకారాల గుంతలు, చుక్కలు వస్తే లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్ కావొచ్చు. దీనికి మొదటి వైద్యం సిగరెట్ మానేయడమే. వయసులో ఉన్న ఆడవాళ్లలో ఊపిరితిత్తి నిండా గుండ్రటి పల్చటి గోడల బుడగలు సమానంగా పరుచుకుని ఉంటే ఎల్‌ఏఎం అనే అరుదైన జబ్బు. ఇది ఒక్కోసారి ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి బయటికి వచ్చేశాకే బయటపడుతుంది.

పెద్దమ్మ బొమ్మలో ఏముంది?

వాడు స్క్రీన్ మీద మౌస్ చక్రం తిప్పుతూ పోయాడు. గీతలున్నాయి, మసక ఉంది, ఒకట్రెండు చోట్ల గొట్టాలు లాగేసినట్టున్నాయి. తేనెపట్టు లేదు. కానీ అడుగుభాగంలోనే ఎక్కువ అనడానికి లేదు, మధ్యలోనూ పైనా కూడా ఉంది. "ఇది యూఐపీలా లేదురా. వదిలినప్పుడు తీసిన బొమ్మలేవి?" అన్నాడు.

లేవు. స్కాన్ సెంటర్లో ఊపిరి బిగబట్టమని మాత్రమే చెప్పారు.

హెచ్‌ఆర్‌సీటీలో మామూలుగా గాలి పూర్తిగా పీల్చి బిగబట్టినప్పుడు బొమ్మలు తీస్తారు. ఐఎల్‌డీ అనుమానం ఉన్నప్పుడు గాలి పూర్తిగా వదిలేశాక ఇంకోసారి, అవసరమైతే బోర్లా పడుకోబెట్టి మరోసారి తీయాలి. వెల్లకిలా పడుకుంటే వీపువైపు ఊపిరితిత్తి బరువుకి అణిగి తెల్లగా కనిపిస్తుంది, జబ్బేమో అనిపిస్తుంది. బోర్లా తిప్పితే అది మాయమవుతుంది, నిజం జబ్బయితే అక్కడే ఉంటుంది. ఇక గాలి వదిలినప్పుడు ఏమవుతుందంటే, ఆరోగ్యంగా ఉన్న చోట ఊపిరితిత్తి ముడుచుకుని కాస్త తెల్లబడుతుంది. చిన్న గాలి గొట్టాలు వాచి ఇరుకైన చోట గాలి బయటికి రాలేక ఇరుక్కుపోతుంది, ఆ చోటు నల్లగానే మిగిలిపోతుంది.

పెద్దమ్మని మళ్లీ తీసుకెళ్లాం. "మళ్లీనా? మొన్నేగా తీశారు!" అని విసుక్కుంది. ఈసారి గాలి వదిలాక కూడా తీశారు. మసకపట్టిన తెల్లటి ముక్కలు, మామూలు బూడిదరంగు ముక్కలు, గాలి ఇరుక్కున్న నల్లటి ముక్కలు.. మూడు రంగులూ పక్కపక్కనే, అతుకుల బొంతలాగా. దీన్ని త్రీ డెన్సిటీ సైన్ అంటారు. అది చూపించే జబ్బు హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్, పొట్టిగా హెచ్‌పీ. గాలిలో పీలుస్తున్న దేనిమీదో శరీరం గొడవకి దిగడం. ఆ 'ఏదో' బూజు కావొచ్చు, పావురాల రెట్ట, ఈకల దుమ్ము కావొచ్చు, ధాన్యం, గడ్డి దుమ్ము కావొచ్చు.

మన దేశంలో దీన్ని గుర్తుపెట్టుకోవడానికి గట్టి కారణముంది. 2012 నుంచి 2015 దాకా 19 నగరాల్లోని 27 ఆస్పత్రుల్లో 1,084 మంది ఐఎల్‌డీ పేషెంట్లని నమోదుచేసి ఒక అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో 47 శాతం మందికి ఉన్నది హెచ్‌పీ. ఐపీఎఫ్ 14 శాతం లోపే. ఆ హెచ్‌పీ ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఇళ్లలో కనిపించింది ఏమిటో తెలుసా? ఎయిర్ కూలర్.

మాది గుంటూరు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ కూలర్ లేకుండా మధ్యాహ్నం గడవదు. పెద్దమ్మ మంచం పక్కన కిటికీకి బిగించిన ఇనుప కూలర్ వయసు నాకు తెలిసి పన్నెండేళ్లు. గడ్డి ప్యాడ్లు మార్చి ఎన్నేళ్లయిందని డాక్టరమ్మ అడిగితే ఇంట్లో ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ప్యాడ్ లాగి చూస్తే వెనకంతా నల్లటి బూజు. రోజుకి ఎనిమిది గంటలు ఆ గాలే నేరుగా మొహానికి.

కూలర్ లేనివాళ్లకి పావురాలు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో బాల్కనీకి వల కట్టించుకోవడం శుభ్రం కోసమే అనుకునేవాణ్ని.

సీటీ ఒక్కటే చాలదు

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మూడు రంగులు కనిపించాయి కాబట్టి హెచ్‌పీ అని రేడియాలజిస్ట్ ఒక్కడే తీర్పు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ముదిరిన హెచ్‌పీ ఒక్కోసారి అచ్చం యూఐపీలాగే కనిపించి మోసం చేస్తుంది. అందుకే ఊపిరితిత్తుల డాక్టరు, రేడియాలజిస్ట్, అవసరమైతే కీళ్లవాతం డాక్టరు, పాథాలజిస్ట్ కలిసి కూర్చుని మాట్లాడుకుని తేల్చాలన్నది ఇప్పటి పద్ధతి. పెద్దమ్మకి ఆటోఇమ్యూన్ రక్తపరీక్షలు చేశారు, ఏమీ రాలేదు. బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తిని కడిగిన నీళ్లు పరీక్షిస్తే లింఫోసైట్లు బాగా ఎక్కువగా ఉన్నాయి. అది హెచ్‌పీ వైపే మొగ్గింది. అప్పుడు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కూలర్ అంతకు ముందే తీసేయించారు. అది తీయకుండా మాత్రలెన్ని మింగినా ఉపయోగం లేదన్నారు.

ఇంట్లో ఎవరికైనా రిపోర్టులో 'ఐఎల్‌డీ' అని వస్తే గూగుల్ చేసే ముందు డాక్టర్ని అడగాల్సినవి కొన్నున్నాయి. ఏ ప్యాటర్న్ అని అడగండి. గాలి వదిలినప్పుడు బొమ్మలు తీశారా అని అడగండి. పాత ఎక్స్‌రేలు, పాత సీటీలు ఎన్నేళ్లనాటివైనా పట్టుకెళ్లండి, పెరుగుతోందా ఆగిందా అన్నది వాటితో పోలిస్తేనే తెలుస్తుంది. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. అంతకన్నా ముందు ఇల్లు ఒకసారి తిరిగి చూడండి: కూలర్, గోడ మీద తేమ, బూజు, పావురాలు, పక్షుల పంజరం, ఈకల దిండు. డాక్టరు అడిగినప్పుడు 'ఏం లేవండీ' అనేస్తాం మనం. రోజూ చూసేది మన కంటికి ఆనదు.

ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీశారు. మసక చాలావరకు తగ్గింది. గీతలు, లాగేసిన గొట్టాలు అలాగే ఉన్నాయి, అవి ఇక పోవు. దగ్గు పోయింది. రెండో అంతస్తుకి ఎక్కితే ఇప్పటికీ మధ్యలో ఒకసారి ఆగుతుంది. ముందే దొరికుంటే ఆ గీతలు కూడా తక్కువుండేవేమో అన్నాడు నా ఫ్రెండ్. ఏడాదిన్నర దగ్గు, అందులో మూడు నెలలు టీబీ మందులు.. నేనేమీ మాట్లాడలేదు.

కూలర్ ఇప్పుడు మేడ మీదుంది. పాత ఇనుము కొనే అతను రెండొందలిస్తానన్నాడట. పెద్దమ్మ మూడొందలకి తక్కువైతే ఇవ్వనని కూర్చుంది.